తీపి జొన్న నుంచి పెట్రోల్ బంకు దాకా: సంగారెడ్డికి వచ్చిన ప్రపంచ సహకారం ఎక్కడ ఆగింది?

పునరుత్పాదక ఇంధనం కోసం దేశాలన్నీ చేతులు కలపాలనే మాట వినగానే ప్యారిస్, దుబాయ్ లాంటి చోట్ల జరిగిన పెద్ద సమావేశాలు గుర్తొస్తాయి. నాయకుల ఫొటోలు, ఒప్పందాల మీద సంతకాలు టీవీలో చూస్తాం. అవి మన ఇంటికి, మన పొలానికి ఎలా చేరతాయో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ సహకారం నిజంగా పొలం గట్టు దాకా, ఫ్యాక్టరీ గేటు దాకా వచ్చిన చోటు ఒకటి మన పక్కనే ఉంది. అది పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతం.

2007లో సంగారెడ్డి మండలం మహ్మద్‌షాపూర్‌లో ఒక డిస్టిలరీ మొదలైంది. తీపి జొన్న దంటు రసం నుంచి వాహనాలకు వాడే ఇథనాల్ తీయడం దాని పని. వాణిజ్య స్థాయిలో ఇలాంటిది ప్రపంచంలో ఇదే మొదటిదని అప్పట్లో ప్రకటించారు. దాని వెనుక పటాన్‌చెరులోని అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉంది. ఆ ప్రయత్నం ఎక్కువ కాలం నిలబడలేదు. విత్తనం దొరికింది, సైన్స్ దొరికింది, విదేశీ నిధులు కూడా దొరికాయి. దొరకనిది ఒక్కటే, గిట్టుబాటు ధర. ఈ కథ తెలిస్తే ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలుస్తున్న కాలంలో రైతు ఏం అడగాలో, ఊరు ఏం చూసుకోవాలో అర్థమవుతుంది.

పటాన్‌చెరుకు ప్రపంచం ఎలా వచ్చింది

ఇక్రిశాట్ 1972లో ఏర్పాటైంది. వర్షం తక్కువ పడే ఉష్ణ ప్రాంతాల పంటల మీద పరిశోధన చేయడం దాని బాధ్యత. అనేక దేశాలు, ప్రపంచ బ్యాంకు, కొన్ని పెద్ద ఫౌండేషన్లు కలిసి నిధులిచ్చే సీజీఐఏఆర్ అనే వ్యవస్థలో ఇది ఒక భాగం. భారత ప్రభుత్వం దీనికి పటాన్‌చెరు దగ్గర దాదాపు 1,400 హెక్టార్ల భూమి ఇచ్చింది. మన లెక్కలో 3,400 ఎకరాలకు పైనే.

జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, ఇవి దాని ప్రధాన పంటలు. ఇవన్నీ మన ఇళ్లలో వండుకునేవే. జొన్నను తెలుగులో జొన్న అన్నా, దక్కనీలో జవార్ అన్నా, రొట్టె ఒకటే. ఆ జొన్న నుంచే ఇంధనం కూడా తీయవచ్చని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు చెప్పడంతో కథ మొదలైంది. జొన్న ప్రజననంలో దశాబ్దాల పాటు పనిచేసిన శాస్త్రవేత్త బెలుం వి.ఎస్. రెడ్డి ఈ పరిశోధనలో ముఖ్యుడు. అప్పట్లో సంస్థ డైరెక్టర్ జనరల్‌గా ఉన్న విలియం దార్ ఫిలిప్పీన్స్ దేశస్థుడు. 2000 నుంచి 2014 వరకు ఆ పదవిలో ఉన్నారు. తర్వాత తన దేశంలో వ్యవసాయ మంత్రి కూడా అయ్యారు. పేద రైతుకు లాభం రాని బయో ఇంధనం వద్దనే ఉద్దేశంతో 2007లో ఇక్రిశాట్ బయోపవర్ పేరుతో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది.

తీపి జొన్న అంటే ఏంటి?

తీపి జొన్న కూడా మామూలు జొన్న జాతిదే. కాకపోతే దీని దంటులో చెరకులాగా తియ్యటి రసం ఉంటుంది. పైన కంకి, అంటే గింజలు వస్తాయి. కింద దంటు నుంచి రసం వస్తుంది. రసం పిండాక మిగిలిన పిప్పి పశువుల మేతకు గానీ, బాయిలర్‌లో మంటకు గానీ పనికొస్తుంది. ఒకే పంటలో తిండి, ఇంధనం, మేత మూడూ ఉన్నాయి.

చెరకుతో పోలిస్తే దీనికి రెండు లాభాలు. చెరకు చేతికి రావాలంటే దాదాపు ఏడాది పడుతుంది, తీపి జొన్న నాలుగు నెలల్లో వస్తుంది. నీళ్లు కూడా చెరకుకు పట్టే దాంట్లో చిన్న వంతు చాలు. బోర్లు ఎండిపోయే మెతుకు సీమలో ఇది చిన్న విషయం కాదు.

రసాన్ని పులియబెట్టి, బట్టీ పట్టి, అందులో నీరు తీసేస్తే ఇథనాల్ వస్తుంది. ఇది ఆల్కహాలే కదా అనే సందేహం మన ఇళ్లలో రావడం సహజం. పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ 99 శాతానికి పైగా శుద్ధంగా, దాదాపు నీరు లేకుండా ఉంటుంది. తాగడానికి పనికిరాకుండా అందులో వేరే పదార్థాలు కలుపుతారు. దాని దారి బండి ట్యాంకుకే.

ఇంకో విషయం కూడా తెలుసుకోవాలి. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో ఉండే దాంట్లో సుమారు మూడింట రెండు వంతులే. అందుకే ఇథనాల్ ఎక్కువ కలిపిన పెట్రోల్‌తో మైలేజీ కొంత తగ్గుతుంది.

ఏయే దేశాలు కలిశాయి

సహకారం అనే మాటకు అర్థం ఒక విత్తనంలో చూడొచ్చు. సీఎస్‌హెచ్ 22 ఎస్ఎస్ అనే తీపి జొన్న హైబ్రిడ్‌ను 2005లో విడుదల చేశారు. దీన్ని తయారు చేసింది హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ జొన్న పరిశోధన కేంద్రం. ఇప్పుడు అదే భారత చిరుధాన్యాల పరిశోధన సంస్థ. ఈ హైబ్రిడ్‌కు తల్లి వరుస ఇక్రిశాట్ నుంచి వచ్చింది, తండ్రి రకం ఎస్ఎస్‌వీ 84 భారత జొన్న కార్యక్రమం నుంచి వచ్చింది. అంటే పటాన్‌చెరు, రాజేంద్రనగర్ కలిస్తేనే ఆ విత్తనం పుట్టింది.

పరిశోధన ఇక్కడితో ఆగలేదు. ఫిలిప్పీన్స్‌లో మరియానో మార్కోస్ స్టేట్ యూనివర్సిటీ ఇక్రిశాట్ రకాలను తమ నేలలో పరీక్షించింది. ఐక్యరాజ్యసమితికి చెందిన అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధి నిధి, అంటే ఇఫాడ్, పేద రైతులను బయో ఇంధన మార్కెట్‌తో కలిపే ప్రాజెక్టుకు నిధులిచ్చింది. యూరోపియన్ యూనియన్ 2009 నుంచి 2014 వరకు స్వీట్‌ఫ్యూయల్ అనే పరిశోధన కార్యక్రమం నడిపింది. దానికి ఫ్రాన్స్ సంస్థ సిరాద్ నాయకత్వం వహించింది. ఇక్రిశాట్‌తో పాటు బ్రెజిల్, జర్మనీ, ఇటలీ, దక్షిణాఫ్రికా, మెక్సికో సంస్థలు అందులో ఉన్నాయి. ఒక్క జొన్న దంటు కోసం ఐదు ఖండాలు కలిసి పనిచేశాయి.

మహ్మద్‌షాపూర్ డిస్టిలరీ

ఇక్రిశాట్ 2003లో కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ సహకారంతో అగ్రి బిజినెస్ ఇంక్యుబేటర్ ప్రారంభించింది. ల్యాబ్‌లో పుట్టిన ఆలోచనను వ్యాపారంగా మార్చడానికి చిన్న సంస్థలకు చేయూతనివ్వడం దీని పని. రుస్ని డిస్టిలరీస్ అనే ప్రైవేటు కంపెనీ ఈ ఇంక్యుబేటర్ భాగస్వామిగా వచ్చింది. మహ్మద్‌షాపూర్‌లో ప్లాంటు కట్టింది. రోజుకు 40 కిలోలీటర్లు, అంటే 40 వేల లీటర్ల ఇథనాల్ తీసే సామర్థ్యం దానిది. తీపి జొన్న రసంతో పాటు గింజల లాంటి వేరే ముడిసరుకుతో కూడా నడిచేలా కట్టారు.

అప్పటికి కాలం కూడా అనుకూలంగానే కనిపించింది. 2003లోనే ఆంధ్రప్రదేశ్‌తో కలిపి 9 రాష్ట్రాలు, 4 కేంద్రపాలిత ప్రాంతాల్లో పెట్రోల్‌లో 5 శాతం ఇథనాల్ కలపాలని కేంద్రం నిర్ణయించింది. అయితే కరువు వల్ల చెరకు తగ్గి, ఇథనాల్ చాలక ఆ పథకం నడుమలోనే చతికిలబడింది. చెరకు ఒక్కదాన్నే నమ్ముకుంటే కుదరదని అప్పుడే తేలింది. తీపి జొన్నకు దారి తెరుచుకున్నది అక్కడే. చుట్టుపక్కల రైతులతో ఒప్పందాలు చేసుకుని, విత్తనం ఇచ్చి, దంటు కొనే పద్ధతి పెట్టారు.

లెక్క ఎక్కడ తప్పింది?

ఇక్కడ కాస్త లెక్క చూడాలి. టన్ను తీపి జొన్న దంటు నుంచి మామూలుగా 40 నుంచి 45 లీటర్ల ఇథనాల్ వస్తుంది. ప్లాంటు పూర్తి సామర్థ్యంతో, దంటు మీదే నడవాలంటే రోజుకు సుమారు 900 టన్నుల దంటు కావాలి. పది టన్నుల లారీలైతే రోజుకు 90 లారీలు. ఎకరానికి 8 టన్నుల దంటు వస్తుందనుకుంటే రోజుకు 110 ఎకరాలు కోయాలి. వంద రోజులు నడవాలంటే 11 వేల ఎకరాలు. అది కూడా ఒకేసారి కాకుండా, ప్లాంటుకు దగ్గర్లో, వంతుల వారీగా కోతకు రావాలి.

కోసిన దంటును నిల్వ ఉంచడం కుదరదు. అందులోని చక్కెర గంటల్లోనే చెడిపోవడం మొదలవుతుంది. కోసిన రోజో, మర్నాడో గానుగ ఆడాల్సిందే. పొలం నుంచి ప్లాంటుకు దూరం పెరిగేకొద్దీ రవాణా ఖర్చు పెరుగుతుంది, రసం తగ్గుతుంది. రెండు వైపులా నష్టమే.

ఇక సీజన్. వానాకాలం పంట జూన్‌లో వేస్తే అక్టోబర్‌కు వస్తుంది. యాసంగిలో వేస్తే చలి వల్ల, పగటి సమయం తగ్గడం వల్ల దంటు దిగుబడి తగ్గుతుంది. అంటే ఏడాదిలో చాలా రోజులు దంటు అందదు. ప్లాంటు ఖాళీగా ఉన్నా బ్యాంకు వడ్డీ మాత్రం ఆగదు కదా.

అన్నిటికన్నా పెద్దది ధర. ఆ రోజుల్లో ఆయిల్ కంపెనీలు ఇథనాల్‌కు ఇచ్చింది లీటరుకు 21 రూపాయల 50 పైసలు. 2010లో దాన్ని 27 రూపాయలు చేశారు. ఏ ముడిసరుకు నుంచి తీసినా ఒకటే ధర. చక్కెర మిల్లుకు మొలాసిస్ అనేది చక్కెర తీశాక మిగిలే ఉప ఉత్పత్తి, దాని నుంచి తీసే ఇథనాల్‌కు ఖర్చు తక్కువ. జొన్న దంటును రైతు దగ్గర కొని, లారీలో తెచ్చి, గానుగ ఆడించి తీసే ఇథనాల్ ఆ ధరతో పోటీ పడాలి. డిస్టిలరీ ఎక్కువ ధర ఇవ్వలేదు. తక్కువ ధరకు రైతు వేయడు. పక్కన పత్తి, మక్కజొన్న ఉన్నప్పుడు ఎందుకు వేస్తాడు?

దంటు చాలక, ధర గిట్టక మహ్మద్‌షాపూర్ ప్రయోగం ఆగిపోయింది. పక్క రాష్ట్రం మహారాష్ట్రలోని నాందేడ్‌లో టాటా కెమికల్స్ పెట్టిన తీపి జొన్న ఇథనాల్ ప్లాంటుదీ దాదాపు ఇదే కథ. చిన్న కంపెనీ, పెద్ద కంపెనీ రెండూ నిలబడలేకపోయాయంటే తప్పు ఒక యాజమాన్యానిదో, ఒక ఊరి రైతులదో అనుకోవడానికి లేదు. ఏర్పాటులోనే లోటు ఉంది.

ఇబ్రహీంబాద్ గానుగ

దూరం సమస్యకు పరిష్కారం వెతకడానికి మెదక్ జిల్లా ఇబ్రహీంబాద్‌లో ఇంకో ప్రయోగం జరిగింది. దంటును ప్లాంటుకు తీసుకెళ్లే బదులు గానుగనే ఊరికి తెచ్చారు. ఊళ్లోనే రసం పిండి, బెల్లం వండినట్టు మరిగించి, చిక్కటి పాకం చేస్తారు. పాకం నిల్వ ఉంటుంది, బరువు తక్కువ. డిస్టిలరీకి ఎప్పుడు కావాలంటే అప్పుడు పంపొచ్చు. పిప్పి ఊళ్లోనే పశువులకు మేతవుతుంది. భారత వ్యవసాయ పరిశోధన మండలి నడిపిన జాతీయ వ్యవసాయ నవకల్పన ప్రాజెక్టు కింద ఇది జరిగింది. ఆ ప్రాజెక్టుకు ప్రపంచ బ్యాంకు అప్పు ఉంది.

ఆలోచన మంచిదే. జహీరాబాద్ వైపు చెరకు రైతులకు బెల్లం బట్టీ కొత్త కాదు. కానీ పాకం చేయడానికి కూలీ, కట్టెలు, యంత్రం కావాలి. ఆ ఖర్చు కూడా ఇథనాల్ ధరలోనే రాబట్టాలి. చివరికి లెక్క మళ్లీ లీటరుకు ఎంత అన్న చోటికే వచ్చి ఆగుతుంది.

తిండా, ఇంధనమా?

మహ్మద్‌షాపూర్ ప్లాంటు మొదలైన 2007లోనే ప్రపంచమంతా ధాన్యం ధరలు పెరిగాయి. ఆ ఏడాది అక్టోబర్‌లో ఐక్యరాజ్యసమితి ఆహార హక్కు ప్రత్యేక ప్రతినిధి జాన్ జీగ్లర్ తిండి పంటలను ఇంధనంగా మార్చడం మానవాళి మీద నేరమని తీవ్రంగా విమర్శించారు. ఐదేళ్ల పాటు ఆపాలని కోరారు. పేదవాడి కంచంలో మెతుకు తీసి కారు ట్యాంకులో పోస్తున్నారనేది ఆ వాదన.

తీపి జొన్నకు ఈ ప్రశ్నకు సమాధానం ఉంది. గింజ ఇంట్లోకే వస్తుంది, దంటు రసం మాత్రమే ఇంధనానికి వెళ్తుంది. మక్కజొన్న, బియ్యం నుంచి ఇథనాల్ తీస్తే గింజే పోతుంది. అయితే తీపి జొన్నలోనూ ఒక జాగ్రత్త ఉంది. పశువులున్న ఇంట్లో జొన్న చొప్ప వృథా సరుకు కాదు, అది ఎండాకాలం మేత. దంటు మొత్తం ఫ్యాక్టరీకి వెళ్లిపోతే బర్రె ఏం తినాలి? పిప్పి రైతుకు తిరిగి రావాలనే షరతు అందుకే ముఖ్యం.

సోలార్‌కు దక్కింది, జొన్నకు దక్కనిది

అంతర్జాతీయ సహకారం ఎప్పుడూ విఫలమవుతుందా? అలా ఏం లేదు. సోలార్ ప్యానెళ్ల సంగతి చూడండి. ఒకప్పుడు అవి చాలా ఖరీదు. 2000లో జర్మనీ ఒక చట్టం చేసింది. సోలార్, గాలి కరెంటు తయారు చేసేవాళ్లకు 20 ఏళ్ల పాటు నిర్ణీత ధర ఇస్తామని హామీ ఇచ్చింది. ఆ ధైర్యంతో జనం ప్యానెళ్లు పెట్టుకున్నారు. గిరాకీ చూసి చైనాలో పెద్ద ఫ్యాక్టరీలు వచ్చాయి. ఉత్పత్తి పెరిగేకొద్దీ ధర పడిపోయింది. ఇప్పుడు ఆ చవక మన డాబాల మీద కూడా కనిపిస్తోంది. ఒక దేశం ధర హామీ ఇచ్చింది, ఇంకో దేశం సరుకు తయారు చేసింది, మిగతా ప్రపంచం లాభపడింది.

2016లో ప్రపంచ బ్యాంకు మన స్టేట్ బ్యాంకుకు రూఫ్‌టాప్ సోలార్ రుణాల కోసం 62.5 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. ఫ్యాక్టరీలు, పెద్ద భవనాల కప్పుల మీద ప్యానెళ్లు పెట్టడానికి తక్కువ వడ్డీకి డబ్బు దొరికే దారి అది. ఇళ్లకైతే 2024లో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకం కింద 3 కిలోవాట్లు, ఆపైన పెట్టుకుంటే 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది.

చిన్న స్థాయిలోనూ ఒక ఉదాహరణ ఉంది. పాత ఆదిలాబాద్ జిల్లాలో పవర్‌గూడ అనే ఆదివాసీ గూడెం మహిళలు కానుగ మొక్కలు పెంచి, గింజల నుంచి నూనె తీశారు. డీజిల్‌కు బదులు ఆ నూనె వాడితే ఎంత కాలుష్యం తగ్గుతుందో లెక్కగట్టి, 2003లో ప్రపంచ బ్యాంకు 147 టన్నుల కార్బన్ తగ్గింపును వాళ్ల దగ్గర కొంది. ఇచ్చింది 645 డాలర్లు, ఆనాటి లెక్కలో సుమారు 30 వేల రూపాయలు. మొత్తం చిన్నదే. కానీ డబ్బు నేరుగా మహిళా సంఘాలకు చేరింది. ఈ పనిలో కూడా ఇక్రిశాట్ పాత్ర ఉంది.

మూడు కథలనూ పక్కపక్కన పెడితే తేడా స్పష్టంగా కనిపిస్తుంది. సోలార్‌కు 20 ఏళ్ల ధర హామీ దొరికింది. పవర్‌గూడకు కొనేవాడు ముందే సిద్ధంగా ఉన్నాడు. తీపి జొన్నకు విత్తనం దొరికింది, నిలకడైన ధర దొరకలేదు.

ఇప్పుడున్న కూటములు

ఈ రంగంలో మూడు అంతర్జాతీయ సంస్థల పేర్లు తరచుగా వినిపిస్తాయి.

ఐరీనా: అంతర్జాతీయ పునరుత్పాదక ఇంధన సంస్థ. 2009 జనవరిలో జర్మనీలోని బాన్‌లో ఏర్పడింది. ప్రధాన కార్యాలయం అబుదాబిలోని మస్దర్ సిటీలో ఉంది. మన ఇళ్ల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లకు ఆ పేరు కొత్తేం కాదు. 160కి పైగా దేశాలు సభ్యులయ్యాయి. సమాచారం, శిక్షణ, విధానాల సలహా దీని పని.

అంతర్జాతీయ సౌర కూటమి: 2015 నవంబర్ 30న ప్యారిస్‌లో భారత్, ఫ్రాన్స్ కలిసి ప్రకటించాయి. ప్రధాన కార్యాలయం గురుగ్రామ్‌లో ఉంది. 100కి పైగా దేశాలు సంతకం చేశాయి.

గ్లోబల్ బయోఫ్యూయల్స్ అలయన్స్: 2023 సెప్టెంబర్ 9న ఢిల్లీ జీ20 సదస్సులో మొదలైంది. భారత్, అమెరికా, బ్రెజిల్ ముందుండి నడిపించాయి. ఇథనాల్ లాంటి ఇంధనాల వాడకం పెంచడం దీని లక్ష్యం.

అదే 2023 చివర్లో దుబాయ్ వాతావరణ సదస్సులో 130కి పైగా దేశాలు ఒక మాట ఇచ్చాయి. 2030 నాటికి ప్రపంచ పునరుత్పాదక విద్యుత్ సామర్థ్యాన్ని మూడింతలు చేసి 11 వేల గిగావాట్లకు తీసుకెళ్తామన్నాయి.

మన దేశంలోనూ పరిస్థితి మారింది. 2014లో పెట్రోల్‌లో కలిసిన ఇథనాల్ ఒకటిన్నర శాతం మాత్రమే. 2025కు అది 20 శాతానికి చేరిందని ప్రభుత్వం ప్రకటించింది. ధరల పద్ధతి కూడా మారింది. ఇప్పుడు ముడిసరుకును బట్టి వేర్వేరు ధర. 2024-25 సరఫరా ఏడాదికి చెరకు రసం నుంచి తీసిన ఇథనాల్‌కు లీటరు 65 రూపాయల 61 పైసలు, మక్కజొన్న ఇథనాల్‌కు 71 రూపాయల 86 పైసలు. రూపాయి విలువ, పంటల ధరలు కూడా మారాయి కాబట్టి 2007 నాటి ధరతో నేరుగా పోల్చడం సరికాదు. ఏ పంట ఖర్చు ఆ పంటకే లెక్కగట్టి ధర నిర్ణయించడం మాత్రం పెద్ద మార్పే. ఆ రోజుల్లో తీపి జొన్నకు కావాల్సింది సరిగ్గా ఇదే. 2018 జాతీయ బయో ఇంధన విధానంలో తీపి జొన్న పేరు కూడా ఉంది.

నక్కవాగు నేర్పిన పాఠం

పునరుత్పాదకం అనే పేరు పెట్టుకోగానే ఫ్యాక్టరీ శుభ్రమైపోదు. డిస్టిలరీలో లీటరు ఇథనాల్‌కు దానికి ఎన్నో రెట్లు వ్యర్థ ద్రవం వస్తుంది. శుద్ధి చేయకుండా వదిలితే చెరువు, బోరు రెండూ పోతాయి. పటాన్‌చెరు, బొల్లారం జనానికి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఫ్యాక్టరీల వ్యర్థ జలాలు నక్కవాగులో కలిసి పొలాలను పాడు చేశాయని 1990లోనే కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది ఆ తర్వాతే.

ఈ మధ్య తెలంగాణలో ఇథనాల్ ఫ్యాక్టరీల మీద ఆందోళనలు కూడా ఇదే భయంతో జరిగాయి. నారాయణపేట జిల్లా చిత్తనూరులో 2023లో, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024లో ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కాయి. నీళ్లు ఎక్కడి నుంచి తెస్తారు, వ్యర్థాలు ఎక్కడికి వదులుతారు అన్నదే వాళ్ల ప్రశ్న. దేశానికి ఇథనాల్ కావాలి, నిజమే. ఆ ఊరికి తాగునీళ్లు కూడా కావాలి.

ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు

రేపు ఎవరైనా ఇంధన పంట వేయమని, భూమి లీజుకు ఇవ్వమని, ఊళ్లో ప్లాంటు పెడతామని వస్తే, మహ్మద్‌షాపూర్, ఇబ్రహీంబాద్ అనుభవాల నుంచి ఈ ప్రశ్నలు అడగొచ్చు.

ధర: టన్నుకు ఎంత? విత్తనం వేసే ముందే కాగితం మీద ఉందా? ఎన్నేళ్లు వర్తిస్తుంది?

కోత, రవాణా: కూలీ ఎవరిది, లారీ ఎవరిది? కోశాక ఎన్ని గంటల్లో తూకం వేస్తారు? ఆలస్యమైతే తగ్గిన బరువు ఎవరి ఖాతాలో?

గింజ, పిప్పి: గింజలు పూర్తిగా రైతువేనా? పిప్పి మేతకు తిరిగి ఇస్తారా?

చెల్లింపు: డబ్బు ఎన్ని రోజుల్లో బ్యాంకు ఖాతాలో పడుతుంది?

ప్లాంటు ఆగితే: పంట చేతికొచ్చే సమయానికి ఫ్యాక్టరీ మూతపడితే ఎవరు కొంటారు? కనీసం నష్టపరిహారం ఉందా?

నీళ్లు, వ్యర్థాలు: రోజుకు ఎన్ని నీళ్లు, ఎక్కడి నుంచి? వ్యర్థ ద్రవం ఏం చేస్తారు? కాలుష్య నియంత్రణ మండలి ప్రజాభిప్రాయ సేకరణ ఎప్పుడు, ఎక్కడ? ఆ రోజు ఊరివాళ్లు వెళ్లి మాట్లాడాలి. మాట్లాడినది మినిట్స్‌లో రాయించాలి.

ఒప్పందం కాగితం తెలుగులో ఇవ్వమని అడగడం రైతు హక్కు. ఉర్దూ మాత్రమే చదవగలిగే పెద్దలుంటే చదివి వినిపించాకే వేలిముద్ర వేయించాలి.

సంగారెడ్డి ప్రయోగం ఆగిపోయినంత మాత్రాన అంతా వృథా కాలేదు. రకాలు ఉన్నాయి, హైబ్రిడ్ ఉంది, పాకం చేసే పద్ధతి తెలిసింది, ఎక్కడ నష్టం వస్తుందో కూడా తెలిసింది. పటాన్‌చెరులో పుట్టిన జ్ఞానం ఫిలిప్పీన్స్ దాకా వెళ్లింది. దేశాల మధ్య సహకారం విత్తనాన్ని, నిధులను సరిహద్దులు దాటించగలదు. దంటు కోసిన రైతు చేతిలో ఆ సాయంత్రం ఎన్ని రూపాయలు పడతాయన్నది మాత్రం ఇక్కడ, ఈ జిల్లాలో, రాసుకున్న ఒప్పందమే తేలుస్తుంది.